బెత్తెడు తక్కువైన తేనెకొండ

రాజులకు పనిలేకపోతే ఎప్పుడేం తోస్తుందో చెప్పలేం. వీరమల్లుడనే రాజుకు ఒకరోజు పొద్దున్నే కొండల పిచ్చి పట్టింది. ఎందుకంటారా? ఆయన కోటకొండ వెనకే పక్క రాజు నిమ్మతోట ఉంది. తోట చూసుకోవడానికి వచ్చిన ఆ పక్క రాజు తలెత్తి చూసి, "ఇవీ ఒక కొండలేనా? దిబ్బలు!" అన్నాడట. అంతే, మన రాజుగారికి అన్నం సయించలేదు.

"నా కొండలన్నీ కొలవండి! వెయ్యి మూరలు దాటితే కొండ, దాటకపోతే దిబ్బ. చిట్టా రాసి వాడి మొహాన కొడతాను!" అన్నాడు.

కొలతల మంత్రి త్రిపురారి ఎగిరి గంతేశాడు. ఆయన దగ్గర ఓడలో తెప్పించుకున్న వెలుగుకోల ఉంది. మీట నొక్కితే దాంట్లోంచి సన్నని ఎర్రటి వెలుగు వెళ్ళి కొండ కొసను తాకి వస్తుంది, ఎత్తెంతో కోల మీద కనిపిస్తుంది. ఆ కాలంలో అలాంటిది ఎక్కడిదని అడక్కండి. కథ చెప్పేది నేను, ఉందంటే ఉంది.

ఆ రాజ్యంలో పాత కట్టుబాటు ఒకటుంది. కొండ మీది ఊట కొండవాళ్ళది. దిబ్బ మీది ఊట మాత్రం, ఆ దిబ్బను ఆనుకుని ఎవరి పొలం ఉంటే వాళ్ళది. మరి తేనెకొండను ఆనుకుని ఉన్న చెరకుతోట ఎవరిదనుకున్నారు? ఇంకెవరిది, త్రిపురారిదే!

కొలతలయ్యాక కోటకొండ కింది మైదానంలో కొలువు తీర్చారు. త్రిపురారి గొంతు సవరించుకుని చదివాడు.

"తేనెకొండ. వెయ్యికి బెత్తెడు తక్కువ. దిబ్బ!"

తేనెకొండ ఊరిపెద్ద జోగమ్మ గుండెలు బాదుకుంటూ ముందుకొచ్చింది. "బెత్తెడు కోసం మా నీళ్ళు లాక్కుంటారా దొరా? మా పిల్లాజెల్లా గొంతు తడిపేది ఆ ఒక్క ఊటే! కొండెక్కిన ప్రతివాళ్ళూ కొసన ఒక రాయి పెట్టడం మా తాతల నాటి ఆనవాయితీ. ఆ రాళ్ళకుప్ప నా నడుమంత ఎత్తుంది. దాన్నెందుకు కొలవలేదు?"

"పక్కకు తోయించి మరీ కొలిచాను," అన్నాడు త్రిపురారి మీసం దువ్వుకుంటూ. "మనిషి పెట్టింది ఎత్తులోకి రాదు. దేవుడు పెట్టిందే లెక్క."

రాజు తలూపాడు. "న్యాయంగానే ఉంది. ముద్ర తీసుకురండి."

జోగమ్మ ఉన్నచోటే కూలబడిపోయింది. చెబుతుంటే నాకే ఒళ్ళు మండుతోంది!

రాజుగారి పక్కన తాంబూలం అందించే బొప్పన ఉంటాడు. ఆయన తమలపాకుకు సున్నం రాస్తూ తీరిగ్గా అన్నాడు.

"ప్రభూ, ముద్ర వేసేముందు ఒక్క మాట. చిట్టాలో మన కోటకొండ లేదే! పక్క రాజు ఏమనుకుంటాడు? మంత్రిగారి చేత అందరి ముందూ కొలిపించండి. ఆయన కోల గొప్పతనం జనం కూడా చూస్తారు."

త్రిపురారి ఉబ్బితబ్బిబ్బై కోల పైకెత్తి మీట నొక్కాడు. ఎర్రచుక్క పైన ఎక్కడో తళుక్కుమంది.

"వెయ్యిన్ని పది మూరలు!"

జనం ఈలలు వేశారు. రాజు రొమ్ము విరుచుకున్నాడు.

"భలే భలే!" అన్నాడు బొప్పన. "మంత్రిగారూ, నా చూపు కాస్త మసక. ఆ చుక్క దేని మీద పడిందండీ?"

"కనబడ్డంలా? బురుజు మీద!"

"ఆ బురుజును దేవుడు పెట్టాడాండీ?"

ఈలలు ఆగిపోయాయి. బురుజు కట్టించింది రాజుగారి తాత. దాని ఎత్తు నలభై మూరలని ఊళ్ళో అందరికీ తెలుసు.

రాజు వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. మొహం కందగడ్డయింది. "అంటే... నేను కాపురముంటున్నది దిబ్బ మీదా?"

త్రిపురారి గబుక్కున కోలను వీపు వెనక దాచుకున్నాడు.

"అదొక్కటేనా ప్రభూ!" బొప్పన తాంబూలం చుట్టి అందించాడు. "వెనక నిమ్మతోట మన కొండను ఆనుకునే ఉందాయె. కోటలో మనం తాగే ఊట కూడా ఇక పక్క రాజుదే." బొప్పనే మళ్ళీ అందుకున్నాడు.

"రేపట్నుంచి తమరికి దాహమేస్తే ఆయనకు కబురంపుదాం. చెంబెడు నీళ్ళు ఇవ్వకపోడు!"

రాజుకు తాంబూలం గొంతుకు అడ్డంపడింది. "త్రిపురారీ! మనిషి పెట్టింది ఎత్తులోకి వస్తుందా, రాదా? ఒక్క మాటలో చెప్పు!"

"వ... వస్తుంది ప్రభూ! నిక్షేపంగా వస్తుంది!"

"విన్నావా జోగమ్మవ్వా?" అన్నాడు బొప్పన. "ఆ రాళ్ళు మళ్ళీ కొస మీదికి చేరితే మీ తేనెకొండ కొండే."

జోగమ్మ కళ్ళు తుడుచుకుంటూ లేచింది. "అంత కుప్ప మళ్ళీ ఎవరు పేరుస్తారయ్యా?"

"తోయించినవారే పేరిస్తే మర్యాదగా ఉంటుంది!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. చేతి కడియం తీసి బొప్పన చేతికి తొడిగి, "ఇప్పుడే బయల్దేరు!" అన్నాడు త్రిపురారితో. జోగమ్మ ఊరుకుంటుందా? మైదానంలోనే ఒక మంచి రాయి ఏరి, ఆయన తలపాగా మీద కుదురుగా కూర్చోబెట్టింది.

"ఎక్కేటప్పుడు దాహమేస్తే మొహమాటపడకండి మంత్రిబాబూ! ఊట మాదే, చెంబెడు మేమిస్తాం!"