ఈరక్క ఉల్లిమడి

అనగా అనగా, మన అవ్వల అవ్వలు కూడా ఇంకొకరు చెప్పగా విన్న కాలం. అప్పట్లో బాటలు తక్కువ, భయాలెక్కువ. ఎర్రబండ కొండ కింద ఒక పల్లె ఉండేది. ఆ పల్లె చివరింట్లో ఈరక్క ఉండేది.

పేరుకి ఈరక్క. వీరుల పేరు. కానీ ఊరంతా పిలిచేది పిరికక్క అని. ఆమెకి అన్నీ భయాలే. ఉరుమంటే భయం. గుర్రమంటే భయం. గట్టిగా మాట్లాడే మనిషంటే మరీ భయం. కుక్క మొరిగితే తడిక వెనక్కి పోయేది. భయమేస్తే ఆమెకి కాళ్ళు కదలవు, కళ్ళ నీళ్ళు ఆగవు. మొగుడు బతికున్నన్నాళ్ళూ "నా వెనక నిలబడవే" అనేవాడు. అతను పోయాక, నిలబడటానికి వెనకంటూ లేకుండా పోయింది.

ఆమెకున్నవి మూడే. ఒక మట్టిమిద్దె. పెరట్లో మొగుడు తవ్విన జొన్నపాతర. దాని చుట్టూ ఒక ఉల్లిమడి.

పాతరంటే భూమిలో తవ్విన గాదె. పైన మనిషి దూరేంత నోరు, లోపల చిన్న గదంత కడుపు. నోటి మీద బండ వేసి మట్టి కప్పితే జొన్నలు ఏళ్ళ తరబడి ఉంటాయి. మొగుడు పోయినప్పటి నుంచీ ఈరక్క పాతరలో జొన్నలు లేవు.

ఉల్లిమడి మాత్రం నిండుగా ఉండేది. అది ఏటేటా విత్తనం చల్లే ఉల్లి కాదు, గుత్తి ఉల్లి. ఒక గడ్డ పాతితే పక్కన పిల్లలు పెట్టి గుత్తి కడుతుంది. కావలసినన్ని ఒలుచుకుని ఒక్కదాన్ని మట్టిలో వదిలేస్తే చాలు, మళ్ళీ గుత్తే. ఎండలకి కాడలు పడిపోయినా రెండు కడవల నీళ్ళు పోస్తే లేచి నిలబడుతుంది. ఈరక్క అత్త దాన్ని తన పుట్టింటి నుంచి కొంగున కట్టుకుని తెచ్చిందట. రోజూ పొద్దున్నే ఈరక్క నీళ్ళు పోస్తూ "లేయండమ్మా, తెల్లారింది" అనేది. అంత గట్టిగా ఆమె మాట్లాడేది ఆ మడితోనే.

ఆ కాలంలో గుర్రాల దండొకటి తిరిగేది. ఎవరి దండో ఎవరికీ తెలీదు. పంట ఇంటికి చేరాక వచ్చేవాళ్ళు. జొన్నలు కట్టుకుపోయేవాళ్ళు. గొడ్లను తోలుకుపోయేవాళ్ళు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు. పోయిన పిల్లలు ఏ సంతలో తేలారో, ఏ దేశంలో పెరిగారో, తిరిగొచ్చి చెప్పినవాళ్ళు లేరు.

ఒక రోజు పొలిమేరలో దుమ్ము లేచింది. కుక్కలు మొరిగాయి. గుర్రాలొచ్చాయి.

ఊరు ఊరంతా కొండకేసి పరుగెత్తింది. ఈరక్కకి కాళ్ళాడలేదు. పాతరకి ఎండ తగలాలని ఆ వారమే బండ తీసి ఉంచింది. అందులో దిగి దాక్కుందామనుకుంది. ఒక కాలు లోపల పెట్టింది.

అంతలో పొరుగింటి కదిరమ్మ దడి దాటి వచ్చింది. చంకలో చంటివాడు, చేతికి వేలాడుతూ గంగి. గంగికి ఐదేళ్ళుంటాయో లేదో.

"అక్కా, ఇద్దర్నీ ఎత్తుకుని కొండెక్కలేను. దీన్ని చూడు!" అని గంగిని ఈరక్క మీదికి తోసి పరుగెత్తింది.

ఈరక్క గంగిని పాతరలో దించింది. తానూ దిగబోయింది. ఇద్దరికీ చోటుంది. కానీ లోపలి నుంచి బండ ఎవరు వేస్తారు? వేసినా, పైన మట్టి ఎవరు కప్పుతారు? తెరిచిన పాతర కనిపిస్తే వాళ్ళు తొంగి చూడకుండా పోతారా?

లోపల పెట్టిన కాలు బయటికి తీసింది. ఎలా తీసిందో ఆమెకే తెలీదు.

బండ దొర్లించింది. మట్టి కప్పింది. చుట్టూ ఉన్న ఉల్లి గుత్తుల్ని వేళ్ళ మట్టితో సహా పెకలించి ఆ మట్టి మీద పాతింది. కడవెడు నీళ్ళు చల్లింది. వంగమొక్కో మిరపమొక్కో అయితే మిట్ట మధ్యాహ్నం పీకి పాతితే అక్కడికక్కడే తల వాల్చేస్తుంది. గుత్తి ఉల్లి వాలలేదు. పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టు నిలబడింది.

ఇక పారిపోదామనుకుంది. కాళ్ళు రాలేదు. మడి పక్కనే కూలబడింది. కళ్ళ నీళ్ళు ధారగా కారుతున్నాయి. చేతికి దొరికిన ఉల్లిగడ్డలు ముందేసుకుని కొడవలితో కోయడం మొదలుపెట్టింది.

గుర్రం నీడ ఆమె మీద పడింది. దాని మీద చెవికి ఇత్తడి పోగున్న మనిషి. చేతిలో బల్లెం.

"ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు సామీ."

"ఎందుకేడుస్తున్నావ్?"

"ఉల్లిగడ్డ సామీ."

వాడు ఇల్లంతా వెతికాడు. ఉన్న ముంత జొన్నలూ తీసుకుని పోయాడు.

గుర్రాల చప్పుడు ఆగాక ఈరక్క బండ తీసింది. గంగి అడుగున పడి ఉంది. పెదాలు నేరేడు రంగుకి తిరిగాయి. పైకి లాగి, ముఖాన నీళ్ళు కొట్టి, నోట్లో గాలి ఊదింది. చాలాసేపటికి పిల్ల కళ్ళు తెరిచింది.

"పెద్దమ్మా, లోపల ఊపిరి అయిపోయింది" అంది.

ఆ మాట ఈరక్క చెవిలో ఉండిపోయింది. మర్నాడు మూడు వెదురు గొట్టాలు తెచ్చింది. కణుపులు పొడిచి, బండ పక్కగా పాతరలోకి దించింది. పై కొసలు ఉల్లి గుత్తుల మధ్య పెట్టింది. పచ్చి వెదురు, పచ్చటి ఉల్లికాడ. దగ్గరికొచ్చి చూసినా ఏది ఏదో తెలీదు.

కదిరమ్మ ద్వారా ఊరికి సంగతి తెలిసింది. ఊరిపెద్ద చిన్నపరెడ్డి అందర్నీ కూర్చోబెట్టాడు.

"కొండెక్కలేని పిల్లలందర్నీ పాతరలో దాచొచ్చు. కానీ పైన మట్టి కప్పి, మడి సర్ది, వాళ్ళొచ్చినప్పుడు ఇక్కడుండేదెవరు?"

మగవాళ్ళు నేల చూశారు. ఆడవాళ్ళు నేల చూశారు. నా వల్ల కాదు అందామని ఈరక్క నోరు తెరిచింది. అందరూ ఒక్కసారిగా ఆమె వైపు తిరిగేసరికి భయమేసి నోరు పెగల్లేదు. ఊరు దాన్ని ఒప్పుకోవడం అనుకుంది.

రెండు పంటకాలాలు గడిచాయి. మళ్ళీ దుమ్ము లేచింది. కుక్కలు మొరిగాయి. గుర్రాలొచ్చాయి.

తల్లులు పిల్లల్ని తెచ్చి పాతరలో దించారు, కొండెక్కారు. ఈరక్క బండ దొర్లించింది, మట్టి కప్పింది, గుత్తులు పాతింది, నీళ్ళు చల్లింది. కొడవలి పట్టుకుని కూర్చుంది.

ఈసారి దండు పాతరల కోసం వెతికింది. పాతరలు కనిపెట్టడం వాళ్ళకి తెలుసు. పెరట్లో నీళ్ళు గుమ్మరిస్తారు. నీళ్ళు ఎక్కడ గబుక్కున ఇంకితే అక్కడ తవ్వుతారు. ఊళ్ళో అలా ఎన్ని పాతరలు బయటపడ్డాయో.

ఇత్తడి పోగు మనిషి ఈరక్క పెరట్లో కడవ గుమ్మరించాడు. ఉల్లిమడి రోజూ తడిసే నేల. ఈ మూలా ఆ మూలా ఒకేలా ఇంకింది. వాడికి తృప్తి కలగలేదు. బల్లెంతో మడిలో పొడిచాడు.

ఖంగుమంది.



"ఏంటది?"

"బండ సామీ. ఎర్రబండ ఊరు. ఎక్కడ పొడిచినా బండే."

వాడు మెల్లగా ఆమె ముఖంలోకి చూశాడు. "ఎందుకేడుస్తున్నావ్?"

"ఉల్లిగడ్డ సామీ."

వెళ్ళేముందు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. అప్పటి నుంచీ ఈరక్కకి కూడు సహించలేదు. నీళ్ళు పోసేటప్పుడు, కాడలు కోసేటప్పుడు ఆ చూపు వీపు మీద ఉన్నట్టే ఉండేది.

ఇంకో రెండు పంటకాలాలు గడిచాయి. మూడోసారి దుమ్ము లేచింది. కుక్కలు మొరిగాయి. గుర్రాలొచ్చాయి.

గంగి ఇప్పుడు కొంచెం పెద్దది. కొండెక్కగలదు. అయినా ఎక్కలేదు. "చిన్నోళ్ళని ఊరుకోబెడతా పెద్దమ్మా" అని తానే ముందు పాతరలోకి దిగింది. గంగి తమ్ముడికి, అంటే ఆనాటి చంటివాడికి, అప్పుడు దగ్గు. వాణ్ణి కూడా గంగి ఒళ్ళోకే దించారు. ఈరక్క బండ దొర్లించింది, మట్టి కప్పింది, గుత్తులు పాతింది, నీళ్ళు చల్లింది.

ఈసారి ఇత్తడి పోగు మనిషి ఊళ్ళో ఇంకెక్కడా ఆగలేదు. నేరుగా ఆమె పెరట్లోకే వచ్చాడు. వెంట ఇద్దరు. మడి పక్కన దిగి గుర్రాన్ని వదిలేశాడు.

"పోయినసారీ ఏడుస్తున్నావ్. అంతకు ముందూ ఏడుస్తున్నావ్" అన్నాడు. ఆమె చేతిలో కొడవలి లాక్కున్నాడు. ముందున్న ఉల్లిగడ్డల్ని దడి అవతలికి తన్నాడు. చెంబెడు నీళ్ళు ఆమె ముఖాన కొట్టాడు. "ఇప్పుడు ఉల్లిగడ్డ లేదు. చూద్దాం."

ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. చూస్తున్నాడు.

ఈరక్క కళ్ళు తుడుచుకుంది. నీళ్ళొచ్చాయి. మళ్ళీ తుడుచుకుంది. మళ్ళీ వచ్చాయి.

"ఎందుకేడుస్తున్నావ్?"

చెప్పడానికి ఆమె దగ్గర ఇంకో అబద్ధం లేదు. "భయం సామీ" అంది.

"దేనికి?"

"మీరంటే భయం. మీ గుర్రమంటే భయం. మీ చేతిలో బల్లెమంటే భయం. ఉరుమంటే భయం. మొగుడు పోయాక నా నీడంటే నాకే భయం సామీ. నన్నీ ఊళ్ళో పిరికక్కంటారు."

వెనకున్న ఇద్దరూ పగలబడి నవ్వారు. ఇత్తడి పోగు మనిషికీ నవ్వొచ్చింది. లేచాడు. ఈరక్క ఊపిరి వదిలింది.

అప్పుడు చూసింది. గుర్రం మడిలోకి నడుస్తోంది. డెక్క వేసిన చోట ఒక గొట్టం విరిగి మట్టితో పూడింది. ఇంకో అడుగుకి రెండోదీ విరిగి పూడింది. మూడో గొట్టం పక్కన డెక్క దిగబడి, దాని నోటినిండా బురద కూరుకుంది.

నేల అడుగు నుంచి సన్నగా ఒక దగ్గు వినిపించింది.

వాడు ఆగాడు. తల తిప్పాడు.

ఈరక్క గుండెలు బాదుకుని ఒక్క శోకం అందుకుంది. జన్మలో ఆమె గొంతు అంత పైకి లేవలేదు. "ఓ నా మొగుడో! నా వెనక నిలబడవే అంటివే, నన్ను గుర్రాల ముందు వదిలి పోతివే!" అని కొండ మారుమోగేలా ఏడ్చింది. కింద దగ్గినప్పుడల్లా పైన గొంతు పెంచింది.

"నోరు మూయ్!"

మూయలేదు. బల్లెం మొదలుతో డొక్కలో పొడిచాడు. ఆపలేదు. మళ్ళీ పొడిచాడు. ఆపలేదు. మూడోసారి ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. అయినా ఆపలేదు.

"పిచ్చిది. పదండి" అని వాడు గుర్రమెక్కాడు. ఆ గోలకి మడి సంగతి కూడా మరిచిపోయి పోయాడు.

దుమ్ము అణిగింది. ఈరక్క మడిలోకి పాకింది. బండ మీది మట్టి తోసింది. బండ తొయ్యబోతే కళ్ళు బైర్లు కమ్మాయి. బండ కదల్లేదు. చీపురుపుల్లతో మూడో గొట్టంలో బురద తీసింది. నోరు పెట్టి పిలిచింది.

"గంగీ."

చాలాసేపటికి, బావి అడుగు నుంచి వచ్చినట్టు, "పెద్దమ్మా... ఊపిరి అయిపోతోంది" అని వినిపించింది.

ఆ గొట్టానికి నోరు ఆనించి ఈరక్క గాలి ఊదింది. పీల్చింది, ఊదింది. ఊదినప్పుడల్లా డొక్కలో కత్తి తిరిగినట్టయ్యేది. దండు మళ్ళీ వస్తుందేమోనని దడ. తన ఊపిరి చాలదేమోనని దడ. కింద చప్పుడు ఆగిపోతుందేమోనని అన్నిటికంటే పెద్ద దడ. పీల్చింది, ఊదింది. ఎండ మడి దాటి దడి మీదికి పోయింది.

పొద్దుగూకుతుంటే కొండ మీది జనం దిగొచ్చారు. వాళ్ళొచ్చేసరికి ఈరక్క ఉల్లికాడల మధ్య బోర్లా పడి ఉంది. నోరు మాత్రం గొట్టం మీదే ఉంది, ఊదుతూనే ఉంది. బండ తీశారు. పిల్లలు ఒకరి తరవాత ఒకరు పైకొచ్చారు. ఒక్కరూ తగ్గలేదు.

ఆమెను తెచ్చి పంచలో పడుకోబెట్టారు. చిన్నపరెడ్డి తలపాగా తీసి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు.

"ఎంత గుండె ధైర్యం తల్లీ నీది!"

ఈరక్క తల అడ్డంగా తిప్పింది. "లేదు రెడ్డీ. అప్పుడూ భయమే. ఇప్పుడూ భయమే. పోవాలన్నా భయంగా ఉంది. ఎవరన్నా నా చెయ్యి పట్టుకోండి."

గంగి పట్టుకుంది. గంగి రెండో చెయ్యి తమ్ముడు పట్టుకున్నాడు. వాడి చెయ్యి ఇంకొకరు. పాతరలోంచి వచ్చిన పిల్లలంతా చేతులు పట్టుకుంటే ఆ వరస పంచ దాటి, పెరడు దాటి, బాట దాకా పోయింది. దీపాలు పెట్టే వేళకి ఈరక్క కళ్ళు మూసింది.

దండు మళ్ళీ రాలేదా అంటే, వచ్చింది. వచ్చిన ప్రతిసారీ మడి దగ్గర ఒకరు కూర్చున్నారు. మొదట కదిరమ్మ కూర్చుంది. తరవాత చిన్నపరెడ్డి పెళ్ళాం కూర్చుంది. ఆ తరవాత గంగి కూర్చుంది. కూర్చున్న వాళ్ళందరూ ఏడ్చారు. పిరికిదన్న మాట మాత్రం ఆ ఊరి నోట మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకి గుర్రాల కాలం పోయింది.

ఈరక్క మడిలో గుత్తుల్ని ఇంటికొకటి పంచుకున్నారు. అక్కడి నుంచి పక్క ఊళ్ళకి పాకింది. ఇప్పటికీ ఆ పక్క పెరళ్ళలో దాన్ని ఈరక్కగడ్డ అంటారు. ఆ పల్లెల్లో ఉల్లిగడ్డ కోస్తూ కళ్ళ నీళ్ళు పెట్టుకునే ఆడమనిషిని ఎందుకేడుస్తున్నావని అడగరు. పక్కన కూర్చుని తామూ ఒక గడ్డ అందుకుంటారు.

ఉరుముకో, చీకటికో పిల్లలు జడుసుకుంటే, మన ఊళ్ళలోలా "భయపడకు" అనరు. చెయ్యి పట్టుకుని, "ఈరక్కకీ భయమే" అంటారు.