నేనుంటానన్న ఎస్తేరమ్మ

అనగనగా, ఎప్పుడని నన్నడక్కండి, ఊళ్లకింకా బస్సులు రాని రోజుల్లో, సముద్రపు గాలి తగిలే ఒక ఊళ్లో ఒక ఆసుపత్రి ఉండేది. పెంకుటింటంత ఆసుపత్రి. అందులో ఒకటే వార్డు, వార్డులో పన్నెండు మంచాలు. వాటిని చూసుకోడానికి నలుగురు నర్సమ్మలు. నలుగురిలో పెద్దది ఎస్తేరమ్మ, మిగతా ముగ్గురూ పైడమ్మ, సీతాలు, హసీనా. ఎస్తేరమ్మ పొట్టి మనిషి. చేతులు మెత్తన, మాట ఇంకా మెత్తన.

ఆ ఆసుపత్రిలో ఒక పద్ధతి ఉండేది. డ్యూటీ దిగే నర్సు, ఎక్కే నర్సుని వెంటబెట్టుకుని ప్రతి మంచం దగ్గరా ఆగాలి. "ఈ తాతకి గంజి వేడిగా ఉండాల. ఈ పిల్లకి సూదంటే బయం." అలా పన్నెండు మంచాలూ అప్పజెప్పాకే గడప దాటాలి. అందుకునే మనిషి రాకపోతే, దిగే మనిషి కదలడానికి లేదు.

గౌరమ్మ పండగ, అదే గైరమ్మ సంబరం వచ్చింది. పైడమ్మ వచ్చి, "అక్కా, పిల్లలు సంబరానికి రమ్మని ఏడుత్తన్నారు" అంది.

"నువ్వెల్లు, నేనుంటాను" అంది ఎస్తేరమ్మ.

దీపావళి వచ్చింది. సీతాలు వచ్చి, "అక్కా, కొత్తల్లుడు వొత్తన్నాడు" అంది.

"నువ్వెల్లు, నేనుంటాను" అంది ఎస్తేరమ్మ.

రంజాన్ వచ్చింది. హసీనా వచ్చి, "నెలవంక కనబడిందక్కా, రేపే పండగ" అంది.

"నువ్వెల్లు, నేనుంటాను" అంది ఎస్తేరమ్మ.

వాళ్లు మరిచిపోయేవాళ్లేం కాదు. పండగెళ్లిన మూడో రోజున మిగిలిన బూరెలు తెచ్చేవారు. రాళ్లలా ఉండేవి. ఎస్తేరమ్మ వాటిని టీలో ముంచుకుని, బాగున్నాయే అని తినేది. మరి క్రిస్మస్‌కో? ఆవిడ పండగే కదా! అప్పుడూ ఆవిడే ఉండేది. సరిగ్గా ఆ రోజుకే ఎవరికో జ్వరమో, ఎవరింట్లోనో పెళ్లో తగిలేది. అలా ఏళ్లు గడిచాయి.

ఎస్తేరమ్మకి ఒక్కతే అక్క, రాహేలమ్మ. తల్లి పోయాక చెల్లెల్ని చంకనేసుకుని పెంచిన మనిషి. రెండు కోసుల దూరంలో చేపలు పట్టేవాళ్ల పల్లెలో ఉండేది. ఒక ఏడు కబురంపింది.

"పెతీ పండక్కీ నీకని కంచం కడిగి పెడతన్నాను, కాళీ కంచం తీసేత్తన్నాను. ఈ ఏడు కూడా రాకపోతే, ఇంక నా సావుక్కూడా రాకు."

 ఎస్తేరమ్మ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు తెరిచి అడిగింది. "ఈ క్రిస్మస్‌కి నేనెల్తానర్రా."

"నువ్వెల్లు, నేనుంటాను" అంది పైడమ్మ. "నేనుంటాను" అంది సీతాలు. "నేనుంటానక్కా" అంది హసీనా. ముగ్గురికి ముగ్గురూ మాటిచ్చారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

క్రిస్మస్ తెల్లవారింది. పైడమ్మ పిల్లకి జలుబు. 'సీతాలు ఉంది కదా' అనుకుంది. సీతాలింటికి చుట్టాలొచ్చారు. 'హసీనా ఉంది కదా' అనుకుంది. హసీనా వాకిట్లో మబ్బేసింది. 'పైడమ్మ ఉంది కదా' అనుకుంది.

రాత్రి డ్యూటీ అయిపోయిన ఎస్తేరమ్మ పండక్కి తెల్ల చీర కట్టుకుని వార్డు గడపలో నిలబడింది. ఎవరూ రాలేదు. పొద్దెక్కింది. ఎవరూ రాలేదు. మధ్యాహ్నం చర్చి గంట వినబడి ఆగిపోయింది. ఎవరూ రాలేదు. పన్నెండు మంచాల్నీ ఒకసారి చూసుకుంది. చీర కొంగు దోపుకుని లోపలికి నడిచింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, చేతులు మాత్రం ఆగలేదు.

పొద్దు వాలేవేళ, గుడ్డతో మూతి కట్టిన తపేలా నెత్తిన పెట్టుకుని రాహేలమ్మ వచ్చిపడింది. దారి పొడుగునా తిట్లు కూడబెట్టుకుని వచ్చింది. గడపలోంచే నోరు తెరవబోయింది. ఏడో మంచం మీద చేతులు వణికే ముసలమ్మకి ఎస్తేరమ్మ గంజి పడుతోంది. పొద్దున్నుంచీ తను మాత్రం పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు. పెదవులు ఎండిపోయాయి.

"ఏటే, ఇంకెవులూ రానేదా?" అంది రాహేలమ్మ.

"రానేదక్కా."

రాహేలమ్మ కూడబెట్టిన తిట్లు ఏమయ్యాయో దేవుడికే తెలియాలి. చేతులు కడుక్కొచ్చి, చెల్లెలి చేతిలో గంజిగిన్నె లాక్కుంది.

"నువ్వెల్లి తిను. నేనుంటాను."

ఇన్నేళ్లలో ఆ మాట అని మాట నిలబెట్టుకున్నవాళ్లు లేరు ఎస్తేరమ్మకి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే కడుపునిండా తిన్నది.

మర్నాడు సంగతి తెలిసి ముగ్గురూ తలలు దించుకున్నారు. ఆ తర్వాత ఏ పండక్కీ ఎస్తేరమ్మని ఒంటరిగా వదల్లేదు.

కాలం గడిచింది. రాహేలమ్మ కన్నుమూసింది. ఎస్తేరమ్మ ముసలిదై, అదే వార్డులో పన్నెండో మంచం మీద పడింది. మూడు రోజులు ఊపిరి కొట్టుకుంది, పోదు. డాక్టరు చేతులెత్తేశాడు. అప్పుడు పైడమ్మకి తట్టింది. పక్కన కూచుని, "అక్కా, మంచాలు అప్పజెప్పు" అంది.

ఎస్తేరమ్మ కళ్లు తెరిచింది. "ఒకటో మంచం తాతకి గంజి వేడిగా ఉండాల. ఐదో మంచం గుంటకి సూదంటే బయం, కబుర్లు సెప్పండి. తొమ్మిదో మంచం మామ్మని కిటికీ వేపు తిప్పండి." అలా పదకొండూ చెప్పి ఆగింది.

"మరి పన్నెండో మంచం?" అంది సీతాలు.

ఎస్తేరమ్మ నవ్వింది. "దానికేటి? ఒక్కసారి తప్ప అడిగిందే నేదుగా ఎప్పుడూ."

ముగ్గురూ ఆవిడ చేతులు పట్టుకున్నారు. "నువ్వెల్లక్కా, మేముంటాం" అన్నారు.

అప్పుడు వెళ్లింది.

అందుకే ఆ వైపు ఊళ్లలో ఇప్పటికీ, పండగనాడు ఎవరు ఎవరి బదులు పనిలో ఉండిపోయినా, ఇంట్లో మొదటి వాయి బూరెలు వేడివేడిగా వాళ్లకే పోతాయి. దాన్ని ఎస్తేరమ్మ వాయి అంటారు. ఇంకొకటి కూడా ఉంది. మంచం పట్టిన మనిషి ఇంటి మీద బెంగతో పోలేక పోలేక కొట్టుకుంటుంటే, అయినవాళ్లు పక్కన చేరి చెయ్యి పట్టుకుని చెవిలో మెల్లిగా చెబుతారు.

"నువ్వెల్లు. మేముంటాం."