అలిగిన మోపెడ్

మా పక్కూళ్ళో సన్యాసిరావు, పైడయ్య అని అన్నదమ్ములుండేవారు. తమకున్నంత తెలివి జిల్లాలో ఇంకెవరికీ లేదని వాళ్ళ నమ్మకం. ఆ తెలివి ఆవిరైపోకుండా ఎండాకాలమంతా తలమీద గిన్నె బోర్లించుకుని తిరిగేవారు. నేను అబద్ధమాడితే నా పళ్ళన్నీ రాలిపోవాలి. ముప్ఫై ఎప్పుడో రాలాయి, మిగిలిన రెండింటి మీదే ఒట్టు.

ఒకనాడు సన్యాసిరావు, పెళ్ళాం వరహాలమ్మ మంచం మీద ఎండబెట్టిన గుమ్మడి వడియాల మీదే పడుకుని నిద్రపోయాడు. ఆవిడకి కోపం వచ్చింది. ఆ కోపానికి మూడు వీధుల కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి. అన్నదమ్ములు భయపడి, ముందుగదిలో అద్దెకుండే ఫిలాసఫీ మాస్టారి దగ్గరికి పరిగెత్తారు. కోపం, ఇష్టం, కోరిక అంటూ లోపలేమీ లేవు, మనిషి ఏం చేస్తాడో చెప్పుకోడానికి కల్పించుకున్న మాటలవి, అన్నారాయన పుస్తకంలోంచి తలెత్తకుండా.

అంతే. సన్యాసిరావు గబగబా వంటింట్లోకెళ్ళి, "నీకు కోపం లేదే, మాస్టారు చెప్పారు" అన్నాడు.

"అలాగా. అయితే మీకు ఆకలీ లేదు" అని ఆవిడ పొయ్యి ఆర్పి, పుట్టింటికి వెళ్ళిపోయింది.

లేని ఆకలితో అన్నదమ్ములు రెండు రోజులు గోడలు పట్టుకు నడిచారు. పైడయ్య నాలుగు బస్తాల బియ్యం పచ్చివే నమిలేశాడు. వరహాలమ్మ రాకపోతే ఇంక ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. మాస్టారి భోజనం కూడా అక్కడే కాబట్టి, మూడో రోజుకి ఆయన సిద్ధాంతం కాస్త మెత్తబడింది. కోపం లేకపోతేనేం, ఉన్నట్టే అనుకుని నడుచుకోండి, పనులు జరుగుతాయి, దేనికైనా అంతే, అన్నారు నీరసంగా.

ఇంకేముంది. కొత్త చీర, మల్లెపూలు, జిలేబీ పట్టుకుని, వరహాలమ్మ అలక తీర్చడానికి మోపెడ్ మీద బయల్దేరారు. సగం దారిలో అది ఆగిపోయింది.

పైడయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగి, "దీనికీ అలకే అనుకుని నడుచుకుందాం అన్నయ్యా" అన్నాడు.

హ్యాండిల్‌కి పూలు ముడిచారు. హెడ్‌లైటుకి జిలేబీ తినిపించారు. గంటసేపు బతిమాలారు. ఈలోగా ఇంజను చల్లారి స్టార్టయింది. అన్నదమ్ములిద్దరికీ కళ్ళనీళ్ళు ఆగలేదు.

అక్కడ వరహాలమ్మ ఎప్పుడో సంచి సర్దుకుని తలుపు వెనకాల పెట్టుకుంది. మొగుణ్ణి చూడగానే మొహం అటు తిప్పుకుంది.

"ఇంకా కోపంగా ఉన్నావా?" అన్నాడు సన్యాసిరావు.

"నాకెందుకు కోపం? ఏం లేదు."

సన్యాసిరావుకి ప్రాణం లేచొచ్చింది. కోపం లేదని ఆవిడే చెబుతుంటే ఇంక బతిమాలడం దేనికి? అప్పుడే బయట మోపెడ్ ఖళ్ళుమని దగ్గి మళ్ళీ ఆగింది. అలక మిగిలింది దీనికే అన్నమాట. అంతే, కొత్త చీర దానికి కట్టి, చెయిన్లో పడకుండా కుచ్చిళ్ళు ఎగదోపి, ఎక్కితే మళ్ళీ అలుగుతుందేమోనని మెల్లగా నడిపించుకుంటూ ఇంటికి తీసుకొచ్చారు.

గుమ్మంలో ఎర్రనీళ్ళతో దిష్టి తీశారు. అలక తీరి వచ్చింది కదా, కుడికాలు ముందు పెట్టించాలన్నాడు పైడయ్య. ముందు చక్రమా, వెనక చక్రమా? ఇద్దరూ పొద్దు వాలేదాకా వాదించుకున్నారు.

అప్పటికి వచ్చింది వరహాలమ్మ, సంచి చంకన పెట్టుకుని, ఆరు మైళ్ళూ కాళ్ళీడ్చుకుంటూ.

సన్యాసిరావు మొహం వెలిగిపోయింది. "వచ్చావా. ఆడదానివి, నీకైతే తెలుస్తుంది. దీని కుడికాలేదో కాస్త చూసి చెప్పు."