చుక్క కారని ఇంజన్

హైమవతికి ముప్పైరెండేళ్ళు. ఏ గదిలోకి అడుగుపెట్టినా ముందు కిటికీలు మూస్తుంది. విశాఖపట్నంలో, మే నెల ఉక్కలో కూడా మూస్తుంది. పక్కవాళ్ళకి మాట వినబడుతుందేమోనన్న భయం అలా చేతుల్లోకి దిగి అలవాటైపోయింది.

ఆదివారాలు ఆమె మర్రిపాలెంలో సువర్చల మేడమ్ ఇంటికి వెళ్ళేది. మేడమ్ పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆడవాళ్ళకి ఇంజన్ పని నేర్పుతున్నారు. ఆవిడ పద్ధతి ఒకటుంది. పని గురించి అడిగితే అప్పటికప్పుడు జవాబు చెప్తారు. బతుకు గురించి అడిగితే "ఆ స్పానర్ ఇలా ఇయ్యి" అంటారు. ఆ జవాబు నచ్చక మానేసిన వాళ్ళూ ఉన్నారు.

షెడ్డు మధ్యలో ఎనభైల నాటి జపాన్ స్పోర్ట్స్ కారు ఉండేది. ఎవరో ఓడ ఆఫీసరు ముచ్చటపడి తెచ్చుకుని, ముచ్చట తీరాక తుప్పుకి వదిలేస్తే మేడమ్ కొన్నారు. దాని ఇంజన్ మొత్తం విప్పి, శుభ్రం చేసి, గట్టి పిస్టన్లు వేసి, పాతదానికన్నా పెద్ద టర్బో బిగించాలని ఆవిడ పంతం. టర్బో అంటే ఇంజన్ వదిలే పొగ తోపుకి గిర్రున తిరిగే చిన్న చక్రం. అది బయటి గాలిని ఇంజన్‌లోకి కుక్కి బలం పుట్టిస్తుంది. ఎర్రగా కాలుతూ అంత వేగంతో తిరిగే ఆ చక్రాన్ని మోసేది పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. "దానికి బలం ఇస్తే సరిపోదర్రా. ఆయిల్ అందాలి" అని ఎవరు చేరినా మొదటిరోజే మేడమ్ చెప్తారు.

ఇంజన్ అడుగున ఆయిల్ నిలవుండే తొట్టిని బిగించే రోజున హైమవతి ప్రశ్న అడిగింది. అడిగేముందు షెడ్డు కిటికీ మూసింది.

"ఇంట్లో విషయం బయటపెట్టుకుంటే, ఇక ఆ ఇల్లు నిలుస్తుందా మేడమ్?"

ఆ విషయమేమిటో నేను చెప్తాను. ఆమె భర్త రాజమోహన్ ఆమెను కొడతాడు. చూశారా, ఎంత చిన్న వాక్యమో. పెళ్ళయినప్పటినుంచి అది హైమవతి నోటి దాకా రాలేదు. రాజమోహన్ జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాడు. స్త్రీ సమానత్వం మీద ఊరూరా తిరిగి ఉపన్యాసాలిస్తాడు. మార్చి నెలలో ఆయనకి ఒక్క సాయంత్రం ఖాళీ ఉండదు. ముఖం మీద కొట్టడు. అంతటి వక్తకి ఆ మాత్రం జాగ్రత్త ఉంటుంది.

మేడమ్ "ఆ గమ్ము ట్యూబు అందుకో" అన్నారు. "తొట్టి అంచు చుట్టూ సన్నగా రాయి. దారమంత. ఎక్కువైతే బిగించినప్పుడు లోపలికే పోతుంది." అంతలో వీధి గుమ్మంలో గ్యాస్ సిలిండర్ అబ్బాయి పిలిస్తే లేచి వెళ్ళారు.

హైమవతి దారమంతే మొదలుపెట్టింది. మొదటిరోజే ఆయిల్ కారితే అందరిలో ఎంత నామర్దా అనిపించింది. మీద ఇంకో వరస రాసింది. దానిమీద ఇంకొకటి. దారం వేలంత అయింది. తొట్టి బిగించాక బయటికి పొంగిన గమ్ముని గుడ్డతో నున్నగా తుడిచేసింది. మేడమ్ వచ్చి అంచు తడిమి చూసి, "చాలా నీటుగా ఉంది" అన్నారు. బయట అంచే కదా చేతికి అందేది.

ఇంజన్ స్టార్ట్ చేసే ఆదివారం రాజమోహన్ కూడా వచ్చాడు, ఇద్దరు తోటి లెక్చరర్లని వెంటబెట్టుకుని. వాళ్ళకి భార్యని చూపిస్తూ, "మా ఇంట్లో మెకానిక్ ఆవిడ. అంట్లు తోమేది నేను" అన్నాడు. వాళ్ళు నవ్వారు. ఆయన తోమిన అంట్లు ఇంతవరకు ఎవరి కంటా పడలేదు. మేడమ్ ఎదురింటి పైడితల్లి చెంగు నడుముకి దోపుకుని గుమ్మంలో నిలబడింది. ఆమె కూడా అక్కడ పని నేర్చుకుంటున్నదే.

"ఏటి మేడమ్, ఇది రోడ్డు మీద నడుస్తాదా, ఎగిరిపోతాదా?"

"ముందు దగ్గనీ పైడీ, తర్వాత చూద్దాం" అన్నారు మేడమ్.

కొత్తగా కట్టిన ఇంజన్ కింద తెల్లగుడ్డ పరవడం ఆ షెడ్డులో ఆచారం. చుక్క పడితే తెలిసిపోతుంది. మేడమ్ పాత పంచె ఒకటి పరిచి, బానెట్ మీదికి వంగి చెవి పెట్టారు. డ్రైవర్ సీట్లో హైమవతి కూర్చుంది. తాళం తిప్పింది. ఇంజన్ రెండుసార్లు దగ్గి అందుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నిజంగానే అది మంచి చప్పుడు. మేడమ్ ముఖంలో అంత సంతోషం అంతకుముందు ఎవరూ చూడలేదు.

కాసేపయ్యాక రాజమోహన్ వంగి కారు కింద పంచె లాగి పైకెత్తి చూపించాడు. "చూడండి. ఒక్క చుక్క లేదు. ఆడవాళ్ళ పనితనం అంటే ఇదీ." పంచె మడిచి భుజాన వేసుకుని, డ్రైవర్ కిటికీ మీద మోచెయ్యి ఆనించాడు. "నొక్కు హైమా. మావాళ్ళకి టర్బో చప్పుడు వినిపించు."

ఆమె నొక్కింది. ఈల లాంటి చప్పుడు లేచింది. సరిగ్గా అప్పుడే ఆమె కళ్ళ ఎదుట ఆయిల్ ప్రెషర్ ముల్లు ఊగి, కిందికి జారింది. ఆ పక్కనే, ఇంజన్ ఆపమని చెప్పే ఎర్రదీపం వెలిగింది. తాళం ఆమె చేతికి అందేంత దూరంలోనే ఉంది.

"ఇంకా నొక్కవోయ్, భయమెందుకు" అన్నాడు రాజమోహన్.

హైమవతి ఎడమ అరచెయ్యి ఎత్తి ఆ ఎర్రదీపాన్ని కప్పింది. కుడికాలితో ఇంకా నొక్కింది.

ఈల కాస్తా కేకయింది. ఇనుము ఇనుముని కొరికింది. మేడమ్ "ఆపు" అనేలోపు ఇంజన్ తనంతట తనే ఆగింది. వెనక గొట్టంలోంచి వచ్చిన నీలం పొగ షెడ్డంతా కమ్మేసింది.

ముందు తేరుకున్నది రాజమోహన్. "పోన్లెండి మేడమ్, ఆడవాళ్ళు ఇంతవరకు తేవడమే గొప్ప" అన్నాడు. స్నేహితుల వైపు నవ్వుతూనే, కిటికీలోకి వంగి భార్యతో మాత్రం నెమ్మదిగా అన్నాడు: "ఇంటికి రా. మాట్లాడుకుందాం." బానెట్ దగ్గరున్న మేడమ్ ఆ మాట విన్నారు. వినగానే హైమవతి రెండు భుజాలు దగ్గరికి ముడుచుకోవడమూ చూశారు.

రాజమోహన్ వాళ్ళు వెళ్ళిపోయాక, ఇంజన్ చల్లారాక, ముగ్గురూ కలిసి తొట్టి విప్పారు. లోపల ఆయిల్ నిండుగా ఉంది. తక్కువేమీ కాలేదు. కాని దాన్ని పైకి పీల్చే గొట్టం మూతిదగ్గర జల్లెడ కనబడటం లేదు. అంచులోంచి లోపలికి పొంగిన గమ్ము తెగి, పేలికలు పేలికలుగా వెళ్ళి దాన్ని కప్పేసింది. టర్బో విప్పితే దాని చక్రం రెక్కలు పొడిపొడిగా చేతిలోకి రాలాయి.

పైడితల్లి జల్లెడ వంక చూసి నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "ఇదేటి తల్లీ, మనిషి నోట్లో గుడ్డలు కుక్కినట్టుంది."

మేడమ్ తిట్టలేదు. ఒక్కొక్క పేలికా పట్టకారుతో తీసి పళ్ళెంలో పెట్టారు. తర్వాత అడిగారు.

"దీపం వెలగలేదా?"

"వెలిగింది మేడమ్."

"నువ్వు చూళ్ళేదా?"

"చూశాను."

"మరి?"

"చెయ్యి అడ్డం పెట్టాను. ఆయన పక్కనే ఉన్నారు. ఆయన స్నేహితులున్నారు. వాళ్ళందరి ముందూ ఏదో తప్పు జరిగిందని తెలిస్తే..."

ఆమె తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. అది ఎవరిదో అన్నట్టు చూసుకుంది. "నేనే కప్పాను" అంది. ఎవరికి చెప్తోందో తెలీదు. "వెలుగుతుంటే నేనే కప్పాను మేడమ్."

పైడితల్లి మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. హైమవతి తాగలేదు.

మేడమ్ ముక్కాలి పీట లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నారు. చెయ్యి చాచి ఇంజన్ బయటి అంచుని, గమ్ము నున్నగా తుడిచి ఉన్నచోట, ఒకసారి నిమిరారు.

"ఒక్క చుక్క బయటికి రాలేదు హైమా" అన్నారు. "ఎంత శుభ్రంగా చచ్చిపోయిందో చూడు."

ఆ రాత్రి హైమవతి పైడితల్లి ఇంట్లో పడుకుంది. సోమవారం పొద్దున వెళ్ళి భర్త మీద పోలీసు కేసు పెట్టింది.