సుంకమ్మ పెనం ఊరు తిరిగిన ఎండాకాలం

మీ తాతల తాతలకు ఇంకా మీసాలు మొలవని రోజులు. నల్లమలకు పడమటి వాలులో ఎర్రబోడు అని ఒక చిన్న ఊరు ఉండేది. నేను ఉండేది అంటే మీరు ఊఁ అనాలి. ఊఁ కొట్టని వాళ్లకు చివర్లో రొట్టె దక్కదు, ముందే చెబుతున్నా.

ఆ ఊళ్లో అన్నీ బోదగడ్డి కప్పిన ఇళ్లు. ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వ ఎగిరిందంటే ఊరంతా బూడిదే. అందుకని ఎండలు ముదరగానే పొయ్యిలన్నీ ఇళ్లలోంచి వాకిళ్లలోకి వచ్చేసేవి. పొద్దు పొడిచేలోగా వంటలు అయిపోయేవి. గాలి లేచాక ఎవరూ నిప్పు ముట్టించకూడదు. వాకిట్లో వంట కాబట్టి ఎవరింట్లో ఏం ఉడికిందో, ఏం మాడిందో ఊరందరికీ తెలిసేది.

ఆ ఊళ్లో గిడ్డయ్య అని ఒక ముసలాయన. ఎద్దులతో మాట్లాడినంత మనుషులతో మాట్లాడడు. ఆయన పెండ్లాం లింగమ్మ చలికాలంలో కాలం చేసింది. ఇంటికి ఆడదిక్కు లేదని ఎండలు రాకముందే కొడుకు మద్దిలేటికి పెళ్లి చేశాడు. ఎండలు ముదిరి పొయ్యిలు వాకిళ్లలోకి వచ్చాక కాపురానికి వచ్చిన ఆ కోడలే సుంకమ్మ.

సుంకమ్మది కొండ కింద ఏటిగట్టు ఊరు. వాళ్లమ్మ నగలు పెట్టలేకపోయింది గానీ ఒక మాట పెట్టి పంపింది.

"సుంకీ, కోడలి గుణం తోమిన బోకుల్లో కనపడాల."

బోకులంటే గిన్నెలూ చెంబులే. ఆ మాట సుంకమ్మ కొంగున ముడేసుకుని వచ్చింది. వచ్చిన మర్నాడే ఇంట్లో ఉన్న బోకులన్నీ వాగు చెలమ దగ్గరికి మోసింది. చెంబు తోమింది, తళతళలాడింది. సంగటి గిన్నె తోమింది, అదీ తళతళలాడింది. చివరికి ఇనుప పెనం చేతిలోకి తీసుకుని బుగ్గలు నొక్కుకుంది. అంత నల్లటి పెనాన్ని ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగి చూడలేదు. పాపం, ఆడదిక్కు లేని కొంప కదా అనుకుంది.

ఇసుకతో రుద్దింది, కదల్లేదు. ఇటుక పొడితో రుద్దింది, కొంచెం కదిలింది. చింతపండు పెట్టి, బలమంతా పెట్టి రుద్దింది. సాయంత్రానికి నలుపంతా ఊడి వాగులో కలిసింది. తెల్లగా మెరుస్తున్న పెనాన్ని వాకిట్లో గోడకు ఆనించి, మామ ఎప్పుడొస్తాడా, ఎప్పుడు చూస్తాడా అని గడపలో కూర్చుంది.

గిడ్డయ్య ఎద్దుల్ని తోలుకొచ్చాడు. చూశాడు.

"ఇది ఎవరి పెనం?"

"మనదే మామా. తోమినా."

ముసలాయన వంగి పెనం మీద చెయ్యి పెట్టాడు. కాసేపు అలాగే ఉంచి తీసేశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది, తిట్టే మామతో వేగవచ్చు.

తెల్లవారుజామున సుంకమ్మ జొన్నరొట్టె తట్టి పెనం మీద వేసింది. అది బంకలా అతుక్కుపోయింది. అట్లకాడతో లేపితే ముక్కలు ముక్కలుగా వచ్చింది. చుట్టుపక్కల పొయ్యిల వాళ్లంతా తలలు తిప్పి చూశారు. గిడ్డయ్య గొంగడి భుజాన వేసుకుని, ఊరి పైనున్న ఎద్దుల కొట్టానికి వెళ్లిపోయాడు. రాత్రికి రాలేదు. మర్నాడూ రాలేదు. ఎద్దులకు పెట్టే ఉలవలే గుప్పెడు నమిలి నీళ్లు తాగుతున్నాడని తెలిసింది.

రొట్టె పెనం వదలలేదు. మామ కొట్టం వదలలేదు.

"నేనేం తప్పు సేసినా?" అని మొగుణ్ణి అడిగింది.

మద్దిలేటి తల గోక్కున్నాడు. "ఆ నలుపు మా అమ్మదే. ఈ ఇంటికొచ్చిన కాడ్నించి అమ్మ కాల్చిన రొట్టెల నలుపు అది. ఈడ పెనాన్ని ఎవరూ తోమరు, గుడ్డతో తుడుస్తారు, అంతే. అమ్మ పోయినాక నాయిన రోజూ పొద్దున దానిమీద సెయ్యేసి కూసుండేటోడు."

"ముందే సెప్పకూడదా?"

"తోముతావని నాకేం తెలుసు?"

సుంకమ్మ పెనం వైపు చూసింది. ముఖం కూడా చూడని అత్తను తన చేతులతోనే రెండోసారి చంపినట్టు అనిపించింది. ఆ నలుపు మళ్లీ తెస్తే తప్ప మామ ఇంటికి రాడు, రాకపోతే ఉలవలు నములుతూ ఆ కొట్టంలోనే పోతాడు. తేవాలి. ఎలా తేవాలో మాత్రం తెలియదు.

మొదట కుండల అడుగున ఉన్న మసి గీకి, ఆముదంలో కలిపి పెనానికి పూసింది. దానిమీద రొట్టె కాల్చి, ఊడి వచ్చిన ముక్కలు కొట్టానికి తీసుకెళ్లింది.

"మామా, రొట్టె."

"పెట్టి పో."

మర్నాడు వెళ్లి చూస్తే రొట్టె పెట్టినచోటే ఉంది. కొట్టం కుక్క కూడా వాసన చూసి పక్కకు వెళ్లి పడుకుంది.

రొట్టె పెనం వదలలేదు. మామ కొట్టం వదలలేదు.

ఇలా కాదు, మంటలో పెట్టి కాల్చి నలుపు తెప్పిద్దామనుకుంది. తెల్లవారుజామున చేస్తే అందరూ చూస్తారని సిగ్గు. అందుకని మిట్టమధ్యాహ్నం, అందరూ నిద్రలో ఉండగా, ముళ్లకంప మంటేసి పెనానికి నూనె రాసి బోర్లించింది. అప్పుడే గాలి లేచింది. ఒక రవ్వ ఎగిరి గొడ్లచావిడి కప్పు మీద పడింది.

ఊరు లేచింది. ఆడవాళ్లు కడవలతో, కుడితి బానలతో పరుగెత్తుకొచ్చారు. చావిడి కప్పు ఒక మూల కాలిందంతే, ఊరు బతికింది. పెనానికి పట్టిన నలుపు మాత్రం పొక్కులు పొక్కులుగా లేచి రాలిపోయింది.

అందరూ సుంకమ్మ చుట్టూ నిలబడ్డారు. అందరికన్నా పెద్దది పుల్లమ్మవ్వ ముందుకొచ్చింది.

"మిట్టమజ్జాన్నం నిప్పేందే? తల తిరిగిందా?"

సుంకమ్మ ఇక దాచలేకపోయింది. పెనం సంగతీ, మామ సంగతీ, ఉలవల సంగతీ ఏడుస్తూ చెప్పేసింది.

అవ్వ కోపం సగం దిగింది. "పిచ్చిదానా, నలుపు పూస్తే రాదు, కాలిస్తే రాదు. వండితేనే వస్తాది."

"ఎన్నాళ్లకొస్తాది అవ్వా?"

"లింగమ్మకైతే పెండ్లైన కాడ్నించి సచ్చేదాకా పట్టె."

"అంటే నేను సచ్చేదాకా మా మామ ఉలవలే తినాల్నా?"

ఆ మాటకు ఒకరిద్దరు నవ్వారు. అవ్వ నవ్వలేదు. కాలిన చావిడి మూల వైపు చూసింది, వాకిళ్లలో వరసగా ఉన్న పొయ్యిల వైపు చూసింది.

"ఒక్క పొయ్యి మీదైతే అంత కాలం. ఊరినిండా పొయ్యిలు ఉండాయి కదే. ఇట్లియ్యి."

మర్నాటి నుంచి పెనం ఊరు తిరగడం మొదలుపెట్టింది. తన వంట కాగానే ఒకామె దానిమీద బుడ్డలు, అదే వేరుశనక్కాయలు, వేయించింది. ఇంకొకామె జొన్న పేలాలు పేల్చింది. మరొకామె సగం కోసిన ఎర్రగడ్డను, అదే ఉల్లిగడ్డను, ఆముదంలో ముంచి పెనమంతా రుద్ది మిరపకాయలు వేయించింది, వాకిట్లో వాళ్లంతా తుమ్మి తుమ్మి ఆమెను నాలుగు తిట్లు తిట్టారు. పెనం వెంట సుంకమ్మ. ఏ పొయ్యి దగ్గరికి వెళ్లినా ఎవరో ఒకరు లింగమ్మ మాట ఎత్తేవాళ్లు. పిండిలో వేణ్ణీళ్లు పోశాక లింగమ్మ కాసేపు ఆగేదంట. రొట్టె పైన తడిగుడ్డతో ఒక్కసారే తుడిచేదంట. మొగుడి మీద కోపమొస్తే తిట్టేది కాదంట, ఆ పూట రొట్టెలో ఉప్పు తగ్గించేదంట. వింటూ వింటూ సుంకమ్మ, చూడని అత్తకు కోడలైంది.

ఎండలు తగ్గేసరికి పెనం రంగు మారింది. లింగమ్మ నలుపు కాదు, పండిన చింతకాయ రంగు. మబ్బులు దిగిన ఒక తెల్లవారుజామున సుంకమ్మ దానిమీద రొట్టె వేసింది. ఊళ్లో ఆడవాళ్లంతా తమ రొట్టెలు మాడుతున్నా పట్టించుకోకుండా ఇటే చూస్తున్నారు. అట్లకాడ అంచున పెట్టగానే రొట్టె పూర్తిగా, గుండ్రంగా లేచి వచ్చింది.

రొట్టె పెనం వదిలింది.

ఊరిబిండి పచ్చడి నంజుకు పెట్టి కొట్టానికి తీసుకెళ్లింది. "మామా, రొట్టె."

గిడ్డయ్య ఈసారి పెట్టి పో అనలేదు. ఎందుకంటే వాలు మీద కొట్టం కదా, ఎండాకాలమంతా ఆ పెనం ఏ పొయ్యి నుంచి ఏ పొయ్యికి వెళ్తోందో ఆయన అక్కడి నుంచి చూస్తూనే ఉన్నాడు. రొట్టె తుంచాడు, నమిలాడు.

"ఇది లింగమ్మ రొట్టె కాదు."

సుంకమ్మ రొట్టె వెనక్కి తీసుకుపోదామని చెయ్యి చాపింది.

ముసలాయన ఇంకో ముక్క తుంచాడు. అదీ తిన్నాడు. మూడో ముక్క తినేటప్పుడు కళ్లు తుడుచుకున్నాడు.

"ఉప్పు తక్కువైంది. రేపు సరింగ వెయ్యి."

రేపు అన్నాడు. సుంకమ్మకు ఆ ఒక్క మాట చాలు. బయట తొలకరి చినుకులు పడుతున్నాయి. గిడ్డయ్య గొంగడి విప్పి కోడలి తల మీద కప్పి, తాను తడుస్తూ ముందు నడిచాడు.

మామ కొట్టం వదిలాడు.

సుంకమ్మ ఆ ఊళ్లోనే కోడలై, తల్లై, అవ్వై, పండుటాకై రాలిపోయింది. ఆమె పోయిన రోజు ఇంట్లో పొయ్యి వెలగకూడదు కదా. అయినా ఆ పెనం చల్లబడలేదు. ఎవరూ చెప్పకుండానే మళ్లీ ఇంటింటికీ తిరిగింది. ప్రతి ఇంటివాళ్లూ దానిమీద ఒక్కో రొట్టె కాల్చి తెచ్చారు.

ఆ కొండ వాలు ఊళ్లలో ఇప్పటికీ ఆడపిల్లకు కొత్త పెనం కొత్తగా ఇచ్చి పంపరు. ఎండాకాలంలో దాన్ని పొయ్యి పొయ్యికీ తిప్పి, అందరి చేతి నలుపూ ఎక్కించి అత్తింటికి పంపుతారు. కొత్త కోడలు కాల్చిన మొదటి రొట్టె విరిగినా, మాడినా మామకే పెడతారు. ఆయన మారు మాట్లాడకుండా తినాలి. తిన్నాక, ఉప్పు సరిగ్గా ఉన్నా సరే, ఒకే ఒక మాట అనాలి.

"ఉప్పు తక్కువైంది. రేపు సరింగ వెయ్యి."

కథ పొయ్యి దిగింది. ఊఁ కొట్టినవాళ్లు వచ్చి రొట్టె తీసుకోండి.