కొండమీది మాచిపత్రి

అడిగిన ప్రశ్నకు ఆనాడే బదులు చెప్పుట విరూపాక్షశాస్త్రులవారి అలవాటు కాదు. శిష్యుడు గౌరీపతి వైశాఖమున అడిగినదానికి భాద్రపదమునగాని బదులు దొరకలేదు.

గౌరీపతికి తోబుట్టువు అక్క అచ్చమాంబ ఒక్కతెయే. భర్త పోయినది మొదలు ఆమె కొండమీది యింట ఒంటరిగా నుండెను. ప్రతిసాయంకాలమును అతడు కొండక్రింది ఆశ్రమపు అరుగుమీద కూర్చుండి, ఆమె పొయ్యినుండి లేచు పొగకై చూచుచుండును. పొగ కనబడనినాడు అతనికి అన్నము సహింపదు. మబ్బు క్రమ్మి కనబడకున్నను అంతే.

"కట్టెలు తెచ్చు చిన్నప్పచేత దిగి రమ్మని ఎన్నిమారులు కబురు పంపినను అక్క నవ్వుచున్నది, స్వామీ! ‘అక్కడికొచ్చి మీ గురువుగారికి విస్తళ్లు కుట్టనా ఏమిరా?’ అన్నదట. మీ మాట జవదాటదు. ఒక్కసారి ఆజ్ఞాపింపుడు, డోలీ పంపి దింపించెదను."

"నీవే పోయి చూడరాదా?"

"ఆ యింట ఆమెను ఒంటరిగా చూడజాలను."

శాస్త్రులవారు, "కొండనుండి మాచిపత్రి మొక్క నొకదానిని తెప్పించి పెరటిలో నాటుము. చవితిపూజకు పనికివచ్చును" అనిరి.

రాతిసందున పెరిగిన ఆ మొక్కను గౌరీపతి పసిబిడ్డవలె సాకెను. ఎరువు వేసెను, రెండుపూటల నీరు పోసెను. అది నడుమెత్తు పెరిగి, సన్నని మొగ్గలు తొడిగెను. "కొండమీద దీని నెవరు చూతురు, స్వామీ!" అని మురిసెను.

చవితినాటి ఉదయమున గురువుగారు ఒక ఆకు త్రుంచి, నలిపి, శిష్యుని చేత నుంచిరి. పచ్చగడ్డివాసన తప్ప మాచిపత్రి పరిమళమే లేదు.

అంతలో చిన్నప్ప వచ్చి, అచ్చమాంబ పంపిన మాచిపత్రికొమ్మను పూజగది గడపమీద నుంచెను. బెత్తెడు కొమ్మ, సగము వాడినది. పూజగది యంతయు ఘుమ్మనెను.

"అక్క ఒకమాట చెప్పమందయ్యా," అనెను చిన్నప్ప. "‘మావోడు సాయంత్రంపూట నా పొగ చూస్తా కూకుంటాడంట గదా! పొగ చూస్తే కూరలో ఉప్పెంతో తెలుస్తాదా?’ అని అడగమంది."

గౌరీపతి ఆ కొమ్మను చేతనుంచుకొని వాసన చూచెను. తుదకు, "స్వామీ, ఆజ్ఞ..." అని ఆగిపోయెను.

శాస్త్రులవారు దీపపు వత్తిని సవరించుచు, "ఈ పూజ నేనొక్కడనే చేసికొందును. డోలీ వలదు, నీకు కాళ్లున్నవి గదా" అనిరి.