చప్పట్లు కొట్టని కొండ

అనగా అనగా, మన తాతల తాతలకు కూడా పాతదైన కథ ఇది. ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి. చప్పట్లు మాత్రం వద్దు. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

ఒక పెద్ద కొండ. కొండ నిండా అడవి. అడవి నడుమ ఒక చెలమ. చెలమంటే పెద్దదేం కాదు, రాళ్ళ మధ్య చిన్న గుంట. అడుగు నుంచి నీళ్ళు మెల్లమెల్లగా ఊరేవి. ఎండాకాలం వస్తే మనిషికీ, అడవి మెకానికీ అదొక్కటే దిక్కు. దాని పైన గట్టు మీద ఒక గుడిసె. అందులో బయ్యమ్మ, ఆమె కూతురు ఈరమ్మ ఉండేవాళ్ళు. బయ్యమ్మ మొగుడు ఎప్పుడో పోయాడు. చుట్టాలంతా కొండ దిగువ గూడెంలో ఉండేవాళ్ళు. తేనె, దుంపలు, ఇప్పపూలు, ఏది దొరికితే అది తిని తల్లీకూతుళ్ళు బతికేవాళ్ళు.

కొండ దాటే బాటసారులంతా చెలమ ఒడ్డునే మకాం వేసేవాళ్ళు. పొయ్యి రాజేసి, నాలుగు మెతుకులు తిని, కాళ్ళు చాపుకుని కూర్చునేసరికి దుప్పులు నీళ్ళకు దిగేవి. వాటిని చూడటం ఎవరికి చేదు? చూసి ఊరుకుంటే బాగుండేది. ఎవడో ఒకడు చప్పట్లు కొట్టేవాడు. మంద మొత్తం ఎగిరి ఒక్క దూకు దూకేది. ఆ దూకుడు చూసి అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. అబద్ధం దేనికి, చిన్నప్పుడు బయ్యమ్మ కూడా కొట్టింది, నవ్వింది.

ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. చెలమ చుట్టూ ఎటు చూసినా మకాములే. ఒకనాటి పొద్దున పుల్లలకు పోయిన బయ్యమ్మకు, చెలమకు కూతవేటు దూరంలో ఒక తల్లి దుప్పి కనిపించింది. నాలుక బయటపెట్టి పడి ఉంది. నీళ్ళు అంత దగ్గర పెట్టుకుని దప్పికతో చచ్చిపోయింది. దాని పిల్ల ఇంకా పొదుగు నాకుతూనే ఉంది. బయ్యమ్మ పుల్లల మోపు పడేసి, అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆనాటి నుంచి పొద్దు వాలితే చాలు, బయ్యమ్మ గట్టెక్కి కేక పెట్టేది.

"మన పొద్దు అయిపోయింది! ఇక వాళ్ళ పొద్దు!"

ఆ కేక వినగానే అందరూ చెలమను దుప్పులకు వదిలి దూరం జరగాల్సిందే. జరగనివాళ్ళను జరిగేదాకా తిట్టేది. ఆ నోటికి దడిసి ఎంత మొండివాడైనా మూట సర్దుకునేవాడు.

ఒకనాడు ఉప్పు మోసేవాళ్ళు పొద్దు వాలాక వచ్చారు. బయ్యమ్మ వాళ్ళను ఆపి, తన కుండలోని నీళ్ళు పోసింది. ఇంకోనాడు వెదురు కొట్టేవాళ్ళు వచ్చారు. వాళ్ళనూ ఆపి, తన కుండలోని నీళ్ళు పోసింది.

"అందరికీ పోస్తే మనకేం మిగులుతాయమా?" అని ఈరమ్మ గొణిగేది.

"ఆపింది నేను గదనే. దప్పిక తీర్చాల్సింది కూడా నేనే గదా" అనేది బయ్యమ్మ.

మూడోసారి యాత్రకు పోయేవాళ్ళు వచ్చారు. అప్పటికి బయ్యమ్మకు జ్వరం పట్టుకుంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. అయినా కూతురి భుజం పట్టుకుని గట్టెక్కి కేక పెట్టింది. కేక సగంలోనే దగ్గు తెర వచ్చింది. యాత్రికుల్లో ఒక బాలింత ఉంది. చంటిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

"అక్కా, ఒక్క ముంత ముంచుకుంటాం" అంది ఆ బాలింత.

"అటు పోవద్దు తల్లీ. ఇటు రా" అని బయ్యమ్మ తన కుండ మొత్తం వాళ్ళకిచ్చేసింది. వాళ్ళు తాగి, దూరంగా చెట్ల కిందికి జరిగారు.

గుడిసెలోకి వచ్చి పడుకున్నాక బయ్యమ్మ నాలుక పిడచకట్టుకుపోయింది.

"ఈరీ, నీళ్ళే."

కుండలో చుక్క లేదు. ఈరమ్మ కుండ చంకనెత్తింది. తల్లి ఆమె కొంగు పట్టుకుంది.

"వాళ్ళు తాగినాక తేవే."

చెలమ దగ్గర మసక మసగ్గా ఉంది. దుప్పులు అప్పుడే దిగుతున్నాయి. డొక్కలు ఎండిపోయి ఉన్నాయి. ఈరమ్మ బండ చాటున నిలబడింది. ఒక్కసారి చప్పట్లు కొడితే చాలు, దారి ఖాళీ. గుడిసెలో తల్లి ప్రాణం గిలగిల్లాడుతోంది. చేతులెత్తింది. ముందు పిల్లలు మూతి పెట్టాయి. చేతులు దించింది.

మళ్ళీ ఎత్తింది. ముసలి దుప్పి ఒకటి కాళ్ళు వణుకుతూ వంగింది. చేతులు దించింది.

మూడోసారి ఎత్తింది. అన్నిటికన్నా వెనక ఒక చూలు దుప్పి వచ్చింది. పొట్ట బరువుకు ఆగి ఆగి నడుస్తోంది. తల్లి కేక చెవిలో మోగింది. ఈరమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది గానీ, చప్పట్లు కొట్టలేదు.

దుప్పులు పోయేసరికి చెలమలో బురదే మిగిలింది. అది ఊరాలి. ఊరిన నీళ్ళు తేరాలి. దోసిలి దోసిలి ఎత్తి కుండలో పోసుకుని, ఈరమ్మ పడుతూ లేస్తూ గుడిసెకు పరిగెత్తింది.

బయ్యమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి. ఈరమ్మ తల్లి నోట్లో నీళ్ళు పోసింది. పెదవి పక్క నుంచి జారి చాప మీద పడ్డాయి. మళ్ళీ పోసింది. మళ్ళీ జారాయి.

"తాగమా! తెచ్చిన గదమా! ఒక్క గుక్క తాగమా!"

ఆ ఏడుపు విని యాత్రికులు పరిగెత్తుకొచ్చారు. బాలింత గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమె భుజం మీద బిడ్డ హాయిగా నిద్రపోతోంది.

"జ్వరమని ఒక్క మాట చెప్పలేదే తల్లీ మాకు" అని ఆమె గుండెలు బాదుకుంది.

మర్నాడు తల్లిని మట్టి చేసి వచ్చిన ఈరమ్మ, పొద్దు వాలగానే గట్టెక్కింది. తల్లిలాగే కేక పెట్టింది. చెలమ దగ్గరున్నవాళ్ళు తిట్లు తినకుండానే లేచి జరిగారు. బతికినన్నాళ్ళూ ఈరమ్మ వచ్చేపోయేవాళ్ళను ఒకటే అడిగేది. "నేను చప్పట్లు కొట్టుంటే మా అమ్మ బతికేదా?"

ఆ కొండ మీద ఈనాటికీ ఎవరూ చప్పట్లు కొట్టరు. పెళ్ళిలో డప్పు మోగుతుంది, చప్పట్లు మోగవు. పసిపిల్లలకు చప్పట్లాట నేర్పరు. దుప్పుల్ని చూద్దామని డేరాలు మోసుకొచ్చే పట్నంవాళ్ళకు కూడా ముందు ఆ మాటే చెబుతారు. పొద్దు వాలే వేళ అందరూ చెలమ వదిలి గట్టు దగ్గరికి వస్తారు. మొదటి దోసెడు నీళ్ళు అక్కడి బండ మీద పోసి, "బయ్యమ్మా, ముందు నువ్వు తాగు" అంటారు. ఆ తర్వాతే ఎవరైనా గొంతు తడుపుకునేది.

కథ అయిపోయింది. చేతులు ఒళ్ళోనే ఉంచుకోండి. ఆ చెంబు ఇటు అందించండి, బయ్యమ్మకు పోద్దాం.